సువార్త ఎంచిన పంపు

సోమందేపల్లెలో రామసుబ్బమ్మ నడిపే శెనక్కాయ నూనె అంగట్లో సువార్త పనికి చేరి పదహారేళ్లయింది. మిల్లు నుంచి వచ్చే రెండు వందల లీటర్ల డ్రమ్మును భుజంతో నెట్టి ఒరగబెట్టి, చుక్క కింద పడకుండా క్యానులోకి వంచడం ఆమె పని. మొగుడు పోయాక కూతురు గౌతమిని నర్సింగు దాకా చదివించింది ఆ భుజం మీదే. రెండేళ్లుగా ఆ భుజం మాట వినడం లేదు. చెబితే పని పోతుందేమోనని భయం. మందు రాసుకుంటే వాసన నూనెకు పడుతుందని రాసుకునేదీ కాదు.

ఒక మంగళవారం పొద్దున డ్రమ్ము చెయ్యి జారింది. ఎదురుగా క్యాను పట్టుకున్న రామసుబ్బమ్మను సువార్త ఒక్క ఊపున పక్కకు తోసేసింది. డ్రమ్ము ధనామని పడి, నూనె అంగడంతా పారి మెట్ల మీదికి దిగింది. సువార్త పాదాలు నూనెలో తడిసిపోయాయి.

రామసుబ్బమ్మ తిట్టలేదు. తవుడు తెచ్చి నేల మీద చల్లి, పిడికెడు తీసుకుని సువార్త పాదాలకు రుద్దసాగింది.

"అయ్యో, నా కాళ్లు పట్టుకుంటావేందమ్మా!"

"జారి పడతావు, కదలాకు. ఆ రెక్క ఎన్నాళ్ల నుంచి నొస్తాండాది? నాకెందుకు చెప్పలా?"

సువార్త కొంగు లాక్కుని భుజం కప్పుకుంది.

"రేపు హిందూపురం పోదాం. డ్రమ్ములోంచి నూనె తోడే పంపులు ఉండాయంట. నువ్వే చూసి ఎంచాల."

సంతోషించాల్సింది పోయి సువార్తకు దిగులు పట్టుకుంది. పంపే తోడితే ఇక తనెందుకు?

హిందూపురంలో అంగడాయన హరినాథ్ మూడు పంపులు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది బ్యాటరీదమ్మా. మీట నొక్కితే నీళ్ల మాదిరి వస్తాది."

"చలికాలం నూనె చిక్కబడతాదన్నా. అప్పుడు లాగుతాదా?" అని అడిగింది సువార్త.

"కష్టమే" అంటూ హరినాథ్ ఇనపది ముందుకు జరిపాడు. ఆమె దాని మూతి దగ్గర ముక్కు పెట్టి చూసింది.

"ఇది బండ్ల ఆయిలుకు గదా? తినే నూనెకు వద్దు. తుప్పు దిగుతాది."

మూడోది స్టీలుది, పిడి తిప్పేది. దాన్ని బకెట్టు నూనెలో పెట్టించుకుని కుడిచేత్తో, తర్వాత ఎడమచేత్తో తిప్పి చూసింది. విప్పి కడిగే వీలుందో లేదో అడిగింది. గొట్టాన్ని జానతో కొలిచింది.

"అడుగున మడ్డి ఉంటాదన్నా. గొట్టం దానికి నాలుగు వేళ్ల ఎత్తులోనే నిలవాల."

"ఎవరమ్మా ఈమె, ఇంజనీరా?" అని హరినాథ్ నవ్వాడు.

"మా సువార్త" అంది రామసుబ్బమ్మ.

తిరుగు బస్సులో పంపును ఒళ్లో పెట్టుకుని సువార్త దాని పిడిని తడుముతూ కూర్చుంది.

"ఇది వచ్చినాక నాతో పనేముంటాది లేమ్మా" అంది చివరికి.

"అదా నీ బాధ! ఏమే, ఈ పంపు వాసన చూసి ఏది మంచి నూనెనో చెప్తాదా? నేను పొద్దున్నించీ ఏమీ తినకుంటే నన్ను అరిచి తినిపిస్తాదా?" రామసుబ్బమ్మ కిటికీ వైపు తిరిగింది. "నీ రెక్క పూర్తిగా పోతే నువ్వు రావు. అందుకే గదా దీన్ని కొనింది."

సువార్త ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. బస్సు ఆగేదాకా వదల్లేదు.

మూడు నెలలకు నొప్పి సగం తగ్గింది. మిగతా సగం తగ్గదన్నాడు డాక్టరు. డ్రమ్ము ఇప్పుడు ఉన్నచోటే నిలబడి ఉంటుంది. సువార్త స్టూలు మీద కూర్చుని పిడి తిప్పుతుంది.

మొన్నొక రోజు హరినాథ్ ఫోను చేశాడు. చిలమత్తూరు నుంచి ఆముదం అమ్మే మనిషి వచ్చాడు, ఏ పంపు ఇవ్వాలో తెలియడం లేదట.

"ఫోను నీకేనే!" అని రామసుబ్బమ్మ అంగడంతా వినబడేలా కేకేసింది.

సువార్త చెయ్యి కొంగుకు తుడుచుకుని అందుకుంది.

"ఆముదమా? గొట్టం లావుగా ఉండేది ఇయ్యన్నా. నిదానంగా తిప్పమను. తొందరపడితే లోపలికి గాలి పోతాది."