పొట్టి ప్రార్థన, పొడవు ప్రార్థన

తొంభైల మొదట్లో, ఒక అరబ్బు నగరంలో హమ్రియా పేటలో ఉండగా, నా ఉద్యోగం ల్యాబులో పరీక్షకని కాంక్రీటు దిమ్మెలు పగలగొట్టడం. ఏ దిమ్మె ఎంత బరువుకు పగిలిందో రాసుకుని సైటు వాళ్లకు శాతాలు చెప్పేవాణ్ణి. ఆ లెక్కల పిచ్చి బైబిలు మీదికీ పాకింది. పోస్టులో వేదాంతం కోర్సు చదువుతూ, ప్రాచీన గ్రీకు ప్రతులు రాసిన లేఖకులు ఎక్కడ తప్పారో, ఎంత తరచుగా తప్పారో పట్టికలు గీసేవాణ్ణి. మనసులో వాళ్లను సోమరులనుకునేవాణ్ణి కూడా.

ప్రభువు నేర్పిన ప్రార్థన సువార్తల్లో రెండు చోట్ల ఉంది. పొడవుది మా సంఘం వాళ్లందరికీ కంఠతా వచ్చు. రెండోది పొట్టి. పొట్టిదాన్ని నకలు చేస్తూ చాలామంది లేఖకులు తెలియకుండానే పొడవుదాని మాటలు కలిపేశారు. దీన్ని మావాళ్ల మీద పరీక్షించాలనిపించింది.

అదే నగరంలో ఘుబ్రా పేటలో ఒక పెద్దాయన ఇంట్లో, అక్కడ సెలవు రోజైన శుక్రవారం, మా తెలుగువాళ్ల ప్రార్థన కూడిక జరిగేది. ఆస్పత్రి ఉద్యోగి, గోదావరి మనిషి. ప్రతి వారం వాక్యం చదివి ప్రార్థన చేసేది ఆయనే. పొట్టి ప్రార్థన తెలుగులో అందరికీ ఇచ్చి, చూసి రాయమన్నాను. డ్యూటీ దిగి వచ్చిన నర్సులు కూడా ఓపిగ్గా రాశారు. దాదాపు అందరూ కలిపారు. అందరికన్నా ఎక్కువ కలిపినది పెద్దాయనే. చివర ఆమేన్ కూడా పెట్టారు. నేను ఆ కాగితం ఎత్తి చూపించి, "నూటికి నూరు శాతం లేఖకుడు" అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు.

మరుసటి శుక్రవారం ఆయన బైబిలు పక్కవాళ్లకిచ్చేశారు. "నేను చదివితే ఏం కలుపుతానో" అన్నారు. ఆ తర్వాతి వారమూ అంతే. ప్రార్థన కూడా చెయ్యలేదు.

ఆ రోజు ఇంటికొచ్చాక మా ఆవిడ అడిగింది: "ఇంతకీ మీరు రాశారా?"

"నాకు కిటుకు తెలుసుగా."

"తెలిస్తే భయమెందుకు? రాయండి."

రాశాను. ఒక్క మాట కలపలేదు. ఆవిడ సరిచూసి, "అన్నం ఏదండీ?" అంది. అనుదినాహారం అడిగే వరుస మొత్తం ఎగిరిపోయింది. ఒకేలా మొదలయ్యే రెండు వరుసల మధ్య కన్ను జారింది. నా పట్టికల్లో ఆ తప్పును నేను సోమరితనం కింద వేశాను.

కాగితం పట్టుకుని ఘుబ్రా వెళ్లాను. "అన్నయ్యగారూ, అందరి ముందూ నేనలా అనకుండా ఉండాల్సింది. నన్ను కూడా దిద్దండి."

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివారు. "నేనేదో ప్రేమ ఎక్కువై కలిపాను తమ్ముడూ. నువ్వు దేవుడు పెట్టేదే తీసేశావు." వంటింటివైపు తిరిగి భార్యతో, "ఏమే, తమ్ముడికి భోజనం వద్దంట. రాతపూర్వకంగా ఇచ్చాడు" అన్నారు.

అయినా వదిన కంచం పెట్టింది. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. పొడవుదే, ఇంకా చాలా కలిపి. చేపల పులుసు చల్లారిపోయింది.