కెరమెరి ఘాట్ మీద మా ఆయన ఉప్మా

బొగ్గుబావిలో రిటైరయ్యాక మా ఆయన ఒక పాత వ్యానులో మంచం, గ్యాస్ పొయ్యి బిగించి, కొండలూ అడవులూ చూపిస్తానని నన్ను బయలుదేరదీశారు. "గీ టూర్ల వంట నాది. నువ్వు గుట్టలు సూస్కుంట కూసో" అని మాట కూడా ఇచ్చారు.

ఇవాళ పొద్దున ఆసిఫాబాద్ దాటి, కెరమెరి ఘాట్ పైన వ్యాను ఆపి, వెనక తలుపు ఎత్తి ఉప్మా చేశారు. పోపు వాసనకు ఒక బైకు ఆగింది. దాని మీద మొగుడూ పెళ్ళాం.

"కాకా, రెండు ప్లేట్లు పెట్టు" అన్నాడతను.

ఇది టిఫిన్ బండి కాదని నేను చెప్పేలోపే మా ఆయన ప్లేట్లు అందించేశారు. తిన్నాక అతను జేబులో చెయ్యి పెడితే, "పైసలొద్దు బిడ్డా. ఉప్పు సరిపోయిందా, గది చెప్పు" అన్నారు.

"మస్తుగున్నది కాకా. రేపు గీడనే ఉంటవా?" అంది ఆమె.

అంతే, మనిషి నేల మీద లేరు. రేపు పూరీలు వేద్దామా అని సాయంత్రం దాకా ఒకటే అడగడం. ముప్పై ఏళ్ళుగా చేస్తున్నాను, నా ఉప్మాకు ఒక్క బైకూ ఆగలేదు!

నాకు దక్కింది గిన్నె అడుగున అంటుకున్నదే. నిజం చెప్పాలంటే, చాలా బాగుంది. ఆయనకింకా చెప్పలేదు. చదివిన మీరు కూడా చెప్పకండి.