అన్నయ్య గట్టు మీది గరిక

గడ్డం గీసుకోవడానికే బద్ధకించే మనిషిని. గడ్డి పెంచుతానంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం ఉంది. ఏలూరులో ఇల్లు కట్టుకున్న కొత్తలో నర్సరీ నుంచి చాపల్లా చుట్టిన గడ్డి తెప్పించి ముంగిట్లో పరిపించాను. రోజూ నీళ్ళు, నెలకోసారి ఎరువు, పదిహేను రోజులకోసారి కత్తిరింపు. కొత్తల్లుడికి కూడా అంత మర్యాద జరగదు. అయినా మొదటి వేసవికే అలిగి ఎండిపోయింది.

రిటైరయ్యాక మళ్ళీ ఆశ పుట్టింది. ఈసారి పరాయి గడ్డి వద్దు, మన గరికే వేద్దామనుకున్నాను. ఎండకు చావదు, వానకు కుళ్ళదు, ఎవరు తొక్కినా ఏమీ అనుకోదు. ముప్పై ఏళ్ళు గుమాస్తాగా పనిచేసిన నాకు ఆ గుణాలన్నీ సొంతవాళ్ళవిలా అనిపించాయి.

గరిక కోసం పెంటపాడు దగ్గర మా ఊరికి, అన్నయ్య చేలోకి వెళ్ళాను. అన్నయ్య నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద. నన్ను చదువుకి పంపి తాను చేలో ఉండిపోయాడు. పిల్లల్లేరు. వదిన పోయాక ఒక్కడే వండుకు తింటున్నాడు. నేను గట్టు మీద గరికను వేళ్ళతో సహా తవ్వి గోనెసంచిలో కుక్కుతుంటే నడుం మీద చేతులేసుకుని చూశాడు.

"ఒరేయ్, నా జన్మంతా దీన్ని పీకడానికే సరిపోయింది. నువ్వు బస్సెక్కించి తీసుకెళ్తున్నావా?"

"ఇంటి ముందు పెంచుతానన్నయ్యా."

"పెంచుతావా! ఆ మాట దాని చెవిన పడితే నవ్వి చస్తుంది. పోన్లే, అలాగైనా చస్తే అదే పదివేలు."

ఆ చేలో అదే ఆఖరి పంట. చుట్టూ చేపల చెరువులైపోయి వాటి ఊటకి వరి నిలవడం మానేసింది. ఆ వేసవిలో అన్నయ్య కూడా చేను చెరువులవాళ్ళకి ఇచ్చేశాడు. పొక్లెయిన్ వచ్చి గట్లతో సహా తవ్వేసింది. మా ముంగిట్లో గరిక తప్ప ఆ చేనుది ఇంకేమీ మిగల్లేదు.

నేను మాత్రం పుస్తకంలో చదివినట్టే చేశాను. మట్టి తిరగేసి, తుంగ దుంపలు ఏరి, ఇసుక కలిపి, గరికను కణుపుల దగ్గర తుంచి బెత్తెడు దూరంలో నాటాను. రెండు వారాలు తడిపితే చాలు, తర్వాత దాని బతుకు అది బతికింది. ఏడాది తిరిగేసరికి ముంగిలంతా పచ్చగా అల్లుకుంది.

అప్పుడే అన్నయ్యకి కంట్లో శుక్లం ముదిరింది. ఏలూరు తీసుకొచ్చి ఆపరేషన్ చేయించాను.

"ఏవండీ, బావగారిని ఇంక పంపొద్దండీ. ఇక్కడే ఉండిపొమ్మని మీరే అడగండి," అంది మా ఆవిడ.

"కట్టు విప్పనీ, అడుగుతాను," అన్నాను.

కట్టు విప్పారు. వంగకూడదు, బరువులెత్తకూడదు అని చెప్పి నల్ల కళ్ళద్దాలిచ్చి పంపారు. మర్నాడు నేను ఎప్పట్లాగే ఆలస్యంగా లేచి, కాఫీ గ్లాసుతో వీధిలోకి వచ్చాను. సగం ముంగిలి నల్లమట్టి. గోడ వారన గరిక, వేళ్ళకి ఎండ తగిలేలా తిరగేసి, వరసగా కుప్పలు. మధ్యలో అన్నయ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసేశాడు.

"ఎంత బాగా కనబడుతోందిరా! ఒక్కొక్క ఆకూ కనబడుతోంది!"

నాకు ఆఫీసులో మాటకారినని పేరు. అదే పేరు నిలబెట్టుకున్నాను.

"కంటికి చేయించాను గానీ, అన్నయ్యా, ముందు బుర్రకి చేయించాల్సింది."

గోడ అవతల పక్కింటాయన నవ్వాడు. అన్నయ్య కూడా నవ్వాడు. తర్వాత చేతిలో ఉన్న గరికనీ, మట్టినీ చూసుకున్నాడు.

"తుంగ మొక్క ఒకటి కనబడిందిరా. అదొక్కటీ తీద్దామని వంగాను. తర్వాత చెయ్యి దానంతటది పోయింది."

కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. నేను మళ్ళీ నాటడంలో పడ్డాను, వేళ్ళు ఎండిపోతాయని ఒకటే తొందర. మా ఆవిడ వచ్చి, "చెరువు దగ్గర పనుందని బావగారు వెళ్ళిపోయారండీ," అనేసరికి నా చేతిలో ఇంకా గుప్పెడు గరిక ఉంది. అది కూడా నాటాకే లేచాను.

కంటి చుక్కల సీసా మా ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది. రెండ్రోజులకి పట్టుకెళ్ళాను. తన చేను చెరువైన చోటే, తీసుకున్నవాళ్ళ తరపున కాపలాకి కుదిరాడు. పాక ముందు కూర్చుని, చేపల మీద వాలే కొంగల్ని డబ్బా వాయించి తోలుతున్నాడు. తల వెనక్కి వాల్చమని చుక్కలు వేశాను.

"మా ఇంటికి వచ్చెయ్యన్నయ్యా. అక్కడే ఉండిపో."

కళ్ళు మూసుకునే అడిగాడు: "గరిక బతికిందా?"

"బతికింది."

"బతుకుతుంది." పక్కనున్న డబ్బా కోసం తడుముకున్నాడు. "వస్తే చెయ్యి ఊరుకోదురా తమ్ముడూ. మళ్ళీ నీకు పని."

వానలకి మా ముంగిలి మళ్ళీ నిండింది. చూసినవాళ్ళంతా మెచ్చుకుంటారు. "ఏమీ చెయ్యక్కర్లేదండీ, దానంతటదే వస్తుంది," అంటాను. పక్కింటాయన సంచి తెచ్చుకుని మరీ కాస్త పట్టుకెళ్ళాడు.

తుంగ మాత్రం వస్తూనే ఉంటుంది. పొద్దున్నే నేనే వంగి తీస్తాను. నా కళ్ళూ మసకబారుతున్నాయి కాబోలు, ఒక్కోసారి తుంగ అనుకుని లాగితే గరిక వస్తుంది. నన్నెవరూ ఏమీ అనరు.