స్కానర్‌లో చివరి వరుస

"స్కానర్ పెట్టి చూశారా?" అని అడిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంజన్ చప్పుడు వినరు, పొగ రంగు చూడరు. అరచేతిలో పట్టే ఆ పెట్టె మీద తప్పులేమీ లేవని వస్తే చాలు, దేవుడు పలికినట్టు దండం పెట్టేస్తారు. మేడ్చల్ హైవే పక్కన మెకానిక్ షెడ్డు పెట్టిన నాటి నుంచీ ఈ మొహాలే చూస్తున్నాను. వీళ్లకంటే ఘనులు ఇంకొందరున్నారు. "అన్నా, గీ ఇంజన్ లైటొక్కటి బంద్ చెయ్యి, సాలు" అంటారు. జ్వరం తగ్గించమని కాదు, థర్మామీటరు పగలగొట్టమని.

ఇంత నోరున్న నాకు, అవసరమైన రోజున మాట పెగల్లేదు.

మా బావది, అంటే చెల్లెలి భర్తది, శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ఇల్లు. డ్రైవింగ్ నేర్చుకుని, పాత కారొకటి కొని, కంపెనీ ఉద్యోగులను ఇళ్లకు దింపే పనిలో చేరదామనుకున్నాడు. ఆ పని దొరికింది కూడా. సొంత కారు ఉండాలన్నది వాళ్ల షరతు. చెరువు మీద తన వంతును తమ్ముడికి వదిలేసి, ఉన్నదంతా ఈ కారు మీదే పెట్టాడు. అమ్మేవాడు బౌరంపేటలో ప్లాట్ల వ్యాపారం చేసే పెద్దమనిషి. భూములున్న ఇల్లు, రాజకీయాల్లో పలుకుబడి. అతని ఇంట్లో బండ్లన్నీ నా షెడ్డుకే వస్తాయి. ఇదొక్కటి మాత్రం ఎక్కడినుంచో కొత్తగా తెచ్చాడు.

కారు తీసుకునే రోజు శుక్రవారం. నేను స్కానర్ పట్టుకుని పెద్దమనిషి ఇంటికి వెళ్లేసరికి పది దాటింది. బావ వాళ్ల నాయిన చేతిలో కొబ్బరికాయ, నిమ్మకాయలు పట్టుకుని తయారుగా ఉన్నాడు.

"జల్దీ కానియ్ బిడ్డా. పదిన్నరకు రాహుకాలం జొరవడ్తది. గంతకుముందే తాళం మనోని చేతిల వడాలె" అన్నాడు.

స్టీరింగ్ కింద స్కానర్ తగిలించాను. తప్పు కోడ్ ఒక్కటీ లేదు. బావ మొహం వెలిగిపోయింది. నా భుజం మీదుగా ఫోన్ చాపి స్క్రీన్‌ను ఫొటో తీసుకున్నాడు. కానీ అన్నిటికంటే అడుగున, చిన్న అక్షరాలతో ఒక వరుస ఉంది. బండి తనను తాను పరీక్షించుకోవడం ఇంకా పూర్తి కాలేదని. దానర్థం నాకు తెలుసు. ఎవరో కాసేపటి క్రితమే పాత కోడ్‌లన్నీ తుడిచేశారన్నమాట. కండ్లకోయ దాకా ఒకసారి తిప్పి తెస్తే, ఆర్పేసిన ఇంజన్ లైటు మళ్లీ వెలిగేదేమో.

తల ఎత్తాను. ముసలాయన గడియారం చూస్తున్నాడు. పెద్దమనిషి నన్ను చూస్తున్నాడు.

"ఎట్లుంది?" అన్నాడు.

"మంచిగుంది" అన్నాను.

రాహుకాలం అడ్డమొచ్చిందని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. వట్టి మాట. అతని బండ్లు నా షెడ్డుకు రావడం ఆగిపోతుందని భయపడ్డాను, అంతే.

పన్నెండో రోజు రింగు రోడ్డు మీద ఇంజన్ కాగి, పొగలు కక్కి, పట్టేసింది. విప్పి చూస్తే లోపల పాత పగులు, దాని మీద పూసిన అతుకుమందు. రేడియేటర్ నీళ్లన్నీ ఇంజన్‌లోకి కారిపోయాయి. ఇంజనే మార్చాలి. కంపెనీవాళ్లు అదే వారం ఇంకొకరిని పెట్టుకున్నారు.

కోపంతో ఊగిపోతూ బౌరంపేట వెళ్లాను. పెద్దమనిషి కుర్చీలోంచి లేవను కూడా లేదు.

"నేనేం దాసిన? మిషిన్ తెచ్చింది నువ్వు, సూసింది నువ్వు, మంచిగుందన్నది నువ్వు. ఇగ నన్నేంది అడిగేది?"

తేలు కుట్టిన దొంగలా తిరిగొచ్చాను. మర్నాడే అతని బండి సర్వీసుకు వచ్చింది. సిగ్గులేకుండా చేసిచ్చాను.

ఆ ఆదివారం చెల్లెలింటికి వెళ్లాను. ఇంటి ముందు కారు దుమ్ము పట్టి ఉంది. పక్కింటాయన ఎవరో పరామర్శకు వచ్చి కూర్చున్నాడు. బావ అతనికి ఫోన్‌లో ఆ ఫొటో చూపిస్తున్నాడు.

"మా బావ స్కానర్ వెట్టి మరీ సూసిండే. గప్పుడు ఏం లేకుండె. మా నసీబ్ గంతే."

వాడు నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. పరాయివాడి ముందు నన్ను వెనకేసుకొస్తుంటే వాడి మీదే కోపమొచ్చింది. పక్కింటాయన లేచి వెళ్లేదాకా పళ్లు బిగబట్టి కూర్చున్నాను. తర్వాత ఆ ఫోన్ లాక్కుని, ఫొటో పెద్దది చేసి, చివరి వరుస చదివాను.

"అంటే ఏంది?" అన్నాడు.

"కోడ్‌లు తుడిచేసి తెచ్చిండ్రని."

చాయ్ తెచ్చిన చెల్లెలు నా ముందు గ్లాసు పెట్టి అక్కడే ఆగిపోయింది. బావ ఫొటోనే చూస్తూ అడిగాడు.

"గా దినం గిది నీకు కనవడ్డదా బావా?"

"కనవడ్డది."

ఫోన్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. చెల్లెలి వైపు తిరిగి, "రేపు తెల్లారక ముందే లేపు. తమ్మునితోని చెరువు మీదికి వోత" అన్నాడు.

చెల్లెలు తలూపి, నేనింకా ముట్టని చాయ్ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.