కండెలా ఉబ్బిన బ్యాటరీ

నా నిశ్చితార్థం రోజు హాలంతా పొగ కమ్మింది. కాబోయే మామగారు కుర్చీ ఎక్కారు. ఒక పూలమొక్క నిష్కారణంగా బలైంది. ఇదంతా నా తెలివితేటల వల్లే జరిగిందని ముందే ఒప్పుకుంటున్నాను. తెలివితక్కువతనమైతే ఇంత పొగ వచ్చేది కాదు.

షోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో మా ఇల్లు. నాయన మరమగ్గం మీద చద్దర్లు నేస్తారు. అమ్మ కండెలు చుడుతుంది. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు గొట్టమే కండె. సన్నగా ఉంటే ఖాళీ, లావుగా ఉంటే నిండినట్టు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, నా పతనమంతా ఇందులోనే ఉంది. ఇంట్లో అందరికీ నూలు పిచ్చి, నాకేమో రిమోట్ ట్రక్కు పిచ్చి.

సంబంధం మాట్లాడటానికి కుంఠా నాకాలోని అంబాదాస్ మామ ఇంటికి వెళ్లాం. ఆయనకు మగ్గాల కార్ఖానా ఉంది, రేణుక అనే కూతురుంది, నవ్వే అలవాటు మాత్రం లేదు.

"పిల్లగాడు ఖాళీగున్నప్పుడు ఏం జేస్తడు బావా?" అని అడిగారు.

నాయనకు అబద్ధం రాదు. "చిన్న బండిని పెద్ద బండోలె ఉరికిస్తడు," అన్నారు.

మామ నన్ను కింది నుంచి పైదాకా చూశారు. "ఇంత మీసమొచ్చినంక బొమ్మలా?"

"బొమ్మ కాదు మామా, మెషీన్! నిశ్చితార్థం నాడు చూడుండ్రి, ఉంగరాలు దాని మీదనే స్టేజీ మీదికి తెస్త!"

ఎవరడిగారు నన్ను? ఎవరూ అడగలేదు. నోరు నాది, వాగుడు దానిది.

"సరే," అన్నారు మామ. "ఉంగరాలు స్టేజీ మీదికొస్తే పిల్లనిస్త. రాకుంటే ఆ బండినే చేస్కో."

తలుపు వెనక రేణుక కిసుక్కుమంది. ఆ నవ్వు కోసం ట్రక్కేమిటి, గూడ్సు రైలునైనా స్టేజీ ఎక్కించేవాణ్ణి.

కానీ నా ట్రక్కులో ఉన్నది ముసలి నికెల్ బ్యాటరీ. మా గడప ఎక్కడానికే ఆయాసపడేది. అందుకని కొత్త లిథియం బ్యాటరీ కొన్నాను. దుకాణదారు నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు. "అహో, జునా చార్జర్ చాల్ణార్ నాహీ!" పాత చార్జర్ పనికిరాదు, లిథియం ఎక్కడ ఆగాలో దానికి తెలియదు, ఒక్కో సెల్లునూ విడిగా చూసుకుంటూ నింపే చార్జర్ తీసుకో అని ఆయన గోల.

'వ్యాపారం చేస్తున్నాడులే' అనుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు, కొత్త బ్యాటరీగాడు చార్జరెరగడు.

ఇంటికొచ్చి చూస్తే పాత చార్జర్ ప్లగ్గు కొత్త బ్యాటరీకి పట్టలేదు. అయితే ఏమిటి? పడుగులో తెగిన పోగును కళ్లు మూసుకుని అతికే వంశం మాది! ప్లగ్గు పీకేసి, రెండు వైర్లనూ పోగుల్లా మెలేసి, టేపు చుట్టాను. బ్యాటరీకి పక్కన సన్నటి రంగు వైర్ల కుచ్చు ఒకటి వేలాడుతోంది. నేసిన చద్దరుకు అంచున మిగిలిన పోగులు కత్తిరించడం మా ధర్మం కదా, కత్తెర కోసం వెతికాను. అది అమ్మ దగ్గరుంది. అందుకని ముడేసి వదిలేశాను. సెల్లుల బాగోగులు చూసేది ఆ కుచ్చేనని తర్వాత తెలిసింది. తర్వాత చాలా తెలిశాయి.

నిశ్చితార్థం రోజు పొద్దున చార్జింగు పెట్టి, కండె చుట్టేచోట కూర్చున్నట్టు దాని ముందే కూర్చున్నాను. కాసేపటికి నాయన వంగి చూశారు.

"ఏందిరా శీనూ, ఇది లావైతున్నది?"

"నిండుతున్నది నాయినా. కండె నిండితే లావు గాదా?"

నాయన ఆలోచించి తలూపారు. "గంతేనంటవా? మరి నిండిందో లేదో మీ అమ్మనడుగు. కండెల సంగతి ఆమెకే ఎరుక."

అమ్మ వచ్చి బొటనవేలితో బ్యాటరీని నొక్కి చూసింది. నిపుణురాలి తీర్పు కోసం ఇద్దరం ఊపిరి బిగబట్టాం.

"ఇంక మెత్తగున్నది," అంది. "ఇంక రెండు చుట్లు పడ్తది."

పట్టించాం.

పూరీలా పొంగిన ఆ బ్యాటరీ ట్రక్కు అరలో పట్టలేదు. నూలుతో ట్రక్కు వీపున కట్టాను. ముందు వైపు తమలపాకుల పళ్లెం, అందులో ఉంగరాలు. హోట్గి రోడ్ హాల్లో మామ మొదటి వరుసలో కూర్చున్నారు, రేణుక స్టేజీ మీద. నేను ద్వారం దగ్గర రిమోట్ పట్టుకుని యుద్ధానికి బయల్దేరిన సేనాపతిలా నిలబడ్డాను. ట్రక్కు ఠీవిగా కదిలింది. ఏదో తియ్యటి వాసన వచ్చింది. ఎవరో ఖరీదైన అత్తరు పూసుకొచ్చారనుకున్నాను.

అప్పుడు 'బుస్స్' మంది. తెల్లటి పొగ!

"వాహ్! ధూపం గుడ పెట్టిండు పిల్లగాడు!" అంది ఒక పెద్దమ్మ. ఫొటోగ్రాఫర్ "ఏక్ నంబర్ ఎంట్రీ!" అని అరిచాడు. హాలంతా చప్పట్లు. అక్షతలు కూడా పడ్డాయి. నేను, మీరు నమ్మరు, వంగి నమస్కారం పెట్టాను. ఆ వంగడంలో రిమోట్ మీట పూర్తిగా నొక్కుకుపోయి ట్రక్కు సూటిగా మామ మీదికి దూసుకెళ్లింది.

"అరే, ఆపురా!" మామ కుర్చీ ఎక్కేశారు. "పామోలె బుసకొడ్తున్నది!"

"ఆగుతలేదు మామా!"

నిండు కుండ తొణకదంటారు. నిండు బ్యాటరీ గురించి పెద్దలు ఏమీ చెప్పకపోవడం మన దురదృష్టం.

ట్రక్కు స్టేజీ మెట్టుకు గుద్దుకుని ఆగింది. వీపున మంట లేచింది. నూలు మధ్య బతికే మామకు మంటను చూస్తే కాళ్లు వాటంతటవే కదులుతాయి. కుర్చీ మీంచి దూకి, ఉంగరాల పళ్లెం లాక్కుని, ఒక్క గంతులో స్టేజీ ఎక్కి, అక్కడున్న పూలకుండీని చంకన పట్టి మొత్తం మన్ను ట్రక్కు మీద కుమ్మరించారు. బండి సమాధైంది. పైన మొక్క ఒరిగింది.

"చూసినవా?" మామ రొప్పుతున్నారు. "వచ్చిందా నీ మెషీన్? ఇగ అయిపాయె. పొండ్రి."

నాయన తల దించుకున్నారు. నా గుండె బ్యాటరీకన్నా ఎక్కువ ఉబ్బింది. అప్పుడు రేణుక నోరు విప్పింది.

"నాయినా, నీ చేతుల ఏంది?"

మామ చూసుకున్నారు. పళ్లెం. తమలపాకులు. ఉంగరాలు.

"యాడ నిలబడ్డవు?"

మామ కిందికి చూశారు. స్టేజీ.

"ఉంగరాలు స్టేజీ మీదికొస్తే ఇస్తనంటివి. వచ్చినయి గదా? నువ్వే తెస్తివి."

హాలు పగలబడి నవ్వింది. మామ కాసేపు కూతురినీ, కాసేపు పళ్లేన్నీ చూసి, నా వైపు చెయ్యి చాచారు. "రా, తొడుగు. ఆ రిమోట్ మాత్రం కింద పెట్టు."

పెళ్లికి మామ ఇచ్చిన కానుక అసలైన లిథియం చార్జర్. షరతేమిటంటే, ఆయన కార్ఖానా వాకిట్లో, నూలుకు దూరంగా, బండ మీద పెట్టే చార్జ్ చేయాలి. ఆయన ఇసుక బకెట్‌తో పక్కనే కూర్చుంటారు. బ్యాటరీ రకం, సెల్లులెన్ని, కరెంటెంత అన్నీ పాఠంలా అప్పజెబితే, ఆయన 'ఊఁ' అన్నాకే మీట.

కాబట్టి, పడుగు పేకల సాక్షిగా, బలైన ఆ పూలమొక్క ఆత్మ సాక్షిగా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఏ బ్యాటరీకి ఆ చార్జరే పెడతాను, వైర్ల కుచ్చును పోగులని అవమానించను, లావైనదల్లా నిండినట్టని ఈ జన్మలో అనుకోను, అననివ్వను.

రాత్రి భోజనాల దగ్గర ఈ ప్రతిజ్ఞ చదివి వినిపించి, "చాలమ్మా, నిండింది," అని కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాను. అమ్మ బొటనవేలితో నా పొట్ట నొక్కి చూసింది.

"మెత్తగున్నది," అంది రొట్టె వేస్తూ. "ఇంక రెండు చుట్లు పడ్తది."