దిండు కింద రొట్టె

మా అమ్మాయి నాలుగేళ్ళ వయసులో మా ఇంటికొచ్చింది. దుర్గ్‌లో ఒక అనాథాశ్రమం నుంచి, కోర్టు కాగితాలతో. హిందీ తప్ప తెలుగు ముక్క రాదు. నన్ను ‘అంకుల్’ అనేది. రోజూ తినడం కాగానే ఒక రొట్టె తీసుకెళ్ళి దిండు కింద దాచేది. చీమలు పట్టేవి. నేను విసుక్కుంటే నా భార్య, “దాచుకోనీండి. ఆకలి కాదది, భయం” అని, పాత రొట్టె తీసేసి తాజాది పెట్టేది. ఆ అలవాటు పోవడానికి ఏడాది పట్టింది. అది మానిన వారానికే నన్ను నాన్నా అంది.

సెక్టర్ 4లో మా స్టీల్‌ప్లాంటు క్వార్టరుకు రెండు వీధుల అవతల మా అక్క ఉంటుంది. పిల్లను తెచ్చిన రోజు ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గాజులు తొడిగి, అందరి ముందూ అంది: “ఇకన ఇది మా ఇంటి పిల్ల. ఎవుడికేటి అనుమానమున్నా నన్నడగండి.” నమ్మాను. ఎనిమిదేళ్ళకు అదే చేతిని పట్టి ఆపుతుందని ఎలా అనుకుంటాను?

నా భార్య పోయిన పదో రోజు, శివనాథ్ నది ఒడ్డున అందరం వరసగా ఆమె పేరున నువ్వుల నీళ్ళు వదులుతున్నాం. అమ్మాయి దోసిలి పట్టింది. అక్క మణికట్టు పట్టుకుంది.

“నువ్వుండవే. ఇవి ఇంటోళ్ళు వదలాల్సిన నీళ్ళు.”

“నేను ఇంటిదాన్నే కదా అత్తా?”

“ఇంటిదానివే గానీ, రగతం వేరు కదేటి. నువ్వొదిల్తే మీయమ్మకి అందవు.”

నేను బడిలో చదివింది ఐదో తరగతి. మిగతాదంతా సుపేలా బజారులో పాత పుస్తకాలు కొని చదువుకున్నదే. దత్తత బిడ్డ కన్నబిడ్డతో సమానమని డ్యూటీలో ఎంతమందితో వాదించానో! ఆ రోజు మాత్రం, అక్క పెద్దది, ఏడుస్తోంది, తర్వాత అడుగుదాంలే అనుకున్నాను. అమ్మాయి నా మొహం చూసింది. దోసిలి వదిలేసింది. నీళ్ళు ఇసుకలో ఇంకిపోయాయి.

ఇంటికొచ్చాక అక్క మీద అరిచాను. నీ గడప తొక్కనన్నాను, ఇప్పటికీ తొక్కలేదు. “ఇంకా అదే పట్టుకుని యేలాడతన్నాడేటి?” అని కబుర్లు పంపుతోంది. ఏలాడతాను! అమ్మాయి మాత్రం వెళ్ళి ఆమెకు బీపీ మాత్రలు ఇచ్చి వస్తుంది. నాకది ఇంకా మంట.

అక్కను అని ఏం లాభం? నదినుంచి వచ్చిన మర్నాడు పక్క దులుపుతుంటే దిండు కింద కాగితంలో చుట్టిన రొట్టె కనబడింది. పన్నెండేళ్ళ పిల్ల! తాజాది పెట్టే మనిషి లేదు. నేనే ఒకటి కాల్చి, సగం మాడ్చి, పట్టుకెళ్ళాను.

అందుకోలేదు.

“అత్త చెప్పింది సహీ అనుకున్నా. అక్కడ నువ్వేం అనలేదు కదా, అంకుల్” అంది.