మందారానికి కట్టిన చీటీ

అప్పట్లో నేను కాకినాడలో, దరఖాస్తులు నింపే కంప్యూటర్ తెరల మీద కనిపించే మాటలు రాసేవాణ్ణి. పుట్టిన తేదీ సరిగ్గా కొట్టకపోతే ‘తప్పు’ అని వచ్చేది. అది చూసి జనం బెదిరిపోయి, సగంలో వదిలేసి లేచి వెళ్ళిపోయేవారు.

ఒకరోజు రాజమండ్రి నుంచి పాసింజర్లో వస్తుంటే, కడియంలో ఎక్కిన ఒక పెద్దాయన నా పక్కన కూర్చుని మొక్కలకు చీటీలు కడుతున్నారు. చీటీ మీద మొక్క పేరు లేదు. ‘ఆకులు రాలితే కంగారు పడకండి. మొక్క బతికే ఉంది. నీళ్ళు పొయ్యండి’ అని ఉంది.

“పేరు రాయలేదేంటండీ?” అన్నాను.

“పేరు తెలిసే కొంటారండి. ఆకులు రాలినప్పుడేనండి, ఏం చెయ్యాలో తెలీక పీకి పారేస్తారు,” అన్నారాయన. దిగేటప్పుడు ఒక మందారం నా చేతిలో పెట్టారు.

వారం తిరక్కుండానే దాని ఆకులన్నీ రాలిపోయాయి. పీకేద్దామని వెళ్ళిన మా ఆవిడ, చీటీ చదివి, చెంబుతో నీళ్ళు తెచ్చింది.

మర్నాడు ఆఫీసులో ‘తప్పు’ తీసేసి ఇలా రాశాను: ‘మీరు నింపినవన్నీ ఉన్నాయండి. పుట్టిన తేదీ ఒక్కటీ మళ్ళీ కొట్టండి.’

తెర మీద ‘అండి’ ఏంటని మా మేనేజరు గారు నవ్వారు గానీ, తియ్యమనలేదు.